పది కిలోల ఖాళీ

పోర్ట్ అగస్టా శివార్లలో
గోధుమ లారీలు తూచే కాటా మీదికి
మా బండి బెదురుతూ ఎక్కి ఆగింది.
గది కిటికీలోంచి మెర్విన్ తల బయటపెట్టి
"దిగొద్దు, లోపలే ఉండండి,
మీరిద్దరూ సరుకే" అన్నాడు.

సువర్చల ఊపిరి బిగబట్టింది.
ఊపిరికి బరువేమిటే అంటే
"ఏమో, ఇక్కడ దేన్నీ నమ్మలేం" అంది.

మూడువేల రెండువందల పది.
బండికి రాసిపెట్టింది మూడువేల యాభై.
చీటీ నా చేతిలో ఇంకా వెచ్చగా ఉంది.

ఇదెక్కడ మొదలైందో నాకు తెలుసు.
మునిమాపువేళ కంగారూలు అడ్డొస్తాయని
ముందుకి ఒక ఉక్కు బంపరు.
బంపరు బరువుకి ముక్కు వంగిందని
గట్టి స్ప్రింగులు.
స్ప్రింగులు ఎత్తాయి కదా అని పెద్ద టైర్లు,
పెద్ద టైర్లు తాగే డీజిలుకి రెండో ట్యాంకు,
అది నింపితే వెనక కుంగుతోందని
మళ్ళీ అదే స్ప్రింగుల కొట్టుకి.
(స్ప్రింగులెంత గట్టివైనా
కాగితం మీది హద్దు కదలదని
అక్కడ గోడమీదే రాసుంది. చదవలేదు.)
గోచీని ఎలకలు కొరికాయని పిల్లిని,
పిల్లి పాలకని ఆవుని తెచ్చుకున్న సన్యాసి
బతికుంటే నాతో బేరాలకి వచ్చేవాడు.

ఇసకలో దిగబడితే లాగడానికి వించి కూడా కొన్నాను.
ఆ వించి బరువుకే
ముందు చక్రాలు ముందుగా దిగబడతాయని
అమ్మినవాడు చెప్పలేదు,
నేనూ అడగలేదు.

సువర్చల జాబితా తీసి పైకి చదివింది.
ప్రతి వస్తువు పక్కనా నా చేతిరాతలో ఒకే మాట:
ఒకవేళ.
ఒకవేళ రెండు టైర్లూ పగిలితే, ముప్పై ఏడు కిలోలు.
ఒకవేళ వానొస్తే పక్కకి పరిచే పందిరి, పదిహేడు.
"మరి ఈ సొరుగుల పెట్టె?"
ఒకవేళ చెంచాలు కలగాపులగమైతే.
యాభై ఎనిమిది కిలోల చెక్క,
చెంచాల కోసం.
పెళ్ళైన పదకొండేళ్ళలో ఆమె నన్ను
అలా చూడటం ఇది రెండోసారి.
మొదటిది చెప్పను.

మెర్విన్ షెడ్డులో ఒక మూల చూపించాడు.
అక్కడ అప్పటికే
ఎవరివో రెండు వించిలు, ఒక జనరేటరు,
ప్లాస్టిక్ కూడా విప్పని పడవ మోటారు.
ఎడారికి పడవ మోటారు!
నా మనసు కాస్త కుదుటపడింది.

వించి బోల్టులు విప్పడానికి గంట,
వేలి కణుపు మీద తోలు.
సొరుగులు, పందిరి, రెండో స్టెప్నీ,
గొడ్డలి, మడత బల్ల.
ఆమె కుక్కరు దించింది,
ఇనప పెనం దించలేదు.
నేనేమీ అనలేదు. సొరుగుల పెట్టె నాదిగా.

నీళ్ళ డబ్బా మీద చెయ్యి వెయ్యగానే
అప్పటిదాకా కుర్చీ వదలని మెర్విన్
ఎండలోకి నడిచొచ్చాడు.
"అది మాత్రం ముట్టుకోకు."
లీటరుకి కిలో.
తూకంలో ఎన్నడూ దొంగలెక్క చెప్పని సరుకు.
ఎనభై లీటర్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మళ్ళీ ఎక్కాం. ఈసారి సువర్చల
ఊపిరి తీసుకుంటూనే ఉంది.
మూడువేల నలభై.

పది కిలోల ఖాళీ!
నా చెయ్యి దానంతటదే జాబితా వైపు వెళ్ళింది.
రెండో జాకీ? ఒక కుర్చీ?
ఒకవేళ...
"వదిలెయ్" అన్నాడు మెర్విన్ చీటీ చింపుతూ.
"ఊడ్నడట్టా దారిలో ఎర్రమన్ను
బండి కిందికంతా ఎక్కుతుంది.
దానికీ కాస్త చోటుంచు."

తారు అయిపోయిన చోట
రేకు మడతల్లాంటి గతుకులు మొదలయ్యాయి.
గుడ్డసంచిలో చెంచాలు
ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.
సువర్చల రేడియో కట్టేసి
వింటూ కూచుంది.